జనని చీమల పెట్టె

వ్యాసర్పాడి

అమ్మా పుష్పవల్లీ,

మామయ్య దీవెనలు. గుండె బలహీనమని జననికి ఇంట్లోనే పాఠాలు చెప్పుకున్నాం గదా, ఆ పాఠాలకని మైలాపూరులో కొన్న చీమల గాజుపెట్టె గురించి రాస్తున్నాను. కొన్ననాడు బిడ్డ, "తాతా, ఇవి కూడా ఇస్కూలుకి పోవా?" అంది. "పోవు బంగారూ. నేను మాత్రం పోయినానా!" అన్నాను. బడి మెట్టెక్కని పంతులికి తగ్గ శిష్యులే దొరికారు. సరే, దారి తప్పుతున్నాను.

రోజూ నువ్వు ముగ్గేస్తుంటే ఆ బియ్యప్పిండి చిటికెడు తెచ్చి వాటికి వేసేది. బిడ్డ పోయాక మన వాకిట్లో ముగ్గు లేదు, నువ్వూ పుట్టింటికి వెళ్ళావు. పిండి డబ్బాలోంచి తీసి నేనే వేస్తున్నాను. అవి తిని, ఎప్పటిలాగే సొరంగాలు తవ్వుకుంటున్నాయి. చూడలేకున్నాను. వదిలేద్దామంటే నా ఒక్కడికి చేతులు రావడం లేదు.

ఓపికైన రోజు వచ్చి, వాకిట్లో చిన్న ముగ్గయినా వెయ్యమ్మా. దాని మీద వదులుదాం.

మీ మామయ్య