అమ్మ చెయ్యి అందిన ఎత్తు

నాయనా,

మన ఎమ్మిగనూరులో పొద్దున్నే చీగాంగ్ అనే చైనా వ్యాయామం నేర్పుతున్నారు. మెల్లగా ఊపిరి పీలుస్తూ, అంతే మెల్లగా చేతులెత్తాలి. భుజం పట్టేసి జడ కూడా వేసుకోలేని అమ్మ మొండిగా చేరింది. మొదటిరోజు ఆమె కుడిచెయ్యి పైకి లేవకుండా, పాత అలవాటుకొద్దీ రాట్నం తిప్పినట్టు గుండ్రంగా తిరిగింది. పక్కనున్న మగ్గాల ఇళ్ల ఆడవాళ్లవీ అంతే! నేర్పే ఆవిడ తల పట్టుకుంటే, అమ్మే అందరికీ చెప్పింది: "నూలు తెగకుండా లాగినట్ల ఎత్తండమ్మా, అదే వస్తాది."

నిజంగానే వచ్చింది. ఇప్పుడు అమ్మది ముందువరుస. నొప్పి తగ్గింది, నిద్ర పడుతోంది.

నువ్వు పోయిన తిథి ఇవాళ. అమ్మకు చెయ్యి అందక ఏటా నీ పటానికి దండ నేనే వేసేదాన్ని. ఈసారి "రవ్వంత జరుగు పాపా" అని అమ్మే వేసింది. వేశాక కూడా నీ పటం మీంచి చెయ్యి దించలేదు.