కుడిచేతిలో రబ్బరు బంతి

అమ్మకు,

నీ చిన్నోడు నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, నీ కోడలూ, పిల్లాడూ కులాసా. మోకాళ్ళ నొప్పులతో వేగుతూ కూడా అక్క ఇంటి నుంచి నాలుగు పేజీలు రాశావంటే నీ ఓపికకు దండం పెట్టాలి. ఫోన్లో నీకెలాగూ వినపడదు కాబట్టి నాకూ చేతిరాత మిగిలింది.

అడిగినవాటికి జవాబులు. పిల్లాడి జ్వరం తగ్గింది. కోడలు ఉద్యోగం మారలేదు, మారతానని బెదిరించడం మాత్రం మానలేదు. మిల్లు చప్పుడుకు నీ చెవులు పోయినట్టే, ఈ స్కానింగ్ మిషను చప్పుడుకు నావీ పోతాయేమో అన్నావు. మిల్లులో మీకు చెవుల్లో పెట్టుకోవడానికి దూది కూడా ఇవ్వలేదు. నేను అద్దానికి ఇవతల గదిలో ఉంటానమ్మా, చప్పుడంతా లోపల పడుకున్నవాళ్ళకే.

మూడు నెలలుగా ఉత్తరాలు పొడిపొడిగా ఉన్నాయి, ఏం దాస్తున్నావనీ అడిగావు. నీ దగ్గర ఏదీ దాగదు. చెప్తాను.

చిన్నమెదడులో గడ్డ తీసిన పిల్లల్లో కొందరికి, ఆపరేషనైన ఒకటి రెండు రోజులకు మాట పడిపోతుంది. అన్నీ అర్థమవుతాయి, మాట మాత్రం రాదు. చిన్నమెదడు నుంచి ముందుమెదడుకు వెళ్ళే దారి ఎక్కడ దెబ్బతిందో చూడాలని మా పెద్ద డాక్టరు వాళ్ళ మెదళ్ళకు ఫొటోలు తీయిస్తున్నారు. తీసేది నేను. నలభై నిమిషాలు కదలకుండా పడుకోవాలి.

అలా వచ్చింది ఎనిమిదేళ్ళ పిల్ల. ఇంట్లో దాన్ని వాగుడుకాయ అనేవారట. వాళ్ళమ్మ ఆ మాట చెప్పి, ఎందుకు చెప్పానా అన్నట్టు తల దించుకుంది.

భయమేస్తే నొక్కడానికి అందరికీ ఒక రబ్బరు బంతి ఇస్తాం. నొక్కితే నా గదిలో గంట మోగుతుంది. ఒకసారి నొక్కించి చూశాకే మొదలుపెట్టాలి. ఆ రోజు బయట పదకొండుమంది కూర్చున్నారు. పదిహేనేళ్ళ అలవాటుకొద్దీ బంతి కుడిచేతిలో పెట్టేసి, నొక్కించి చూడకుండానే వచ్చాను. ఆ పిల్ల కుడిచేతికి పట్టు లేదని కేసు కాగితంలో రాసే ఉంది. మధ్యమధ్య మైకులో "బాగున్నావా తల్లీ?" అని నాలుగుసార్లు అడిగాను. జవాబు లేదు, గంటా మోగలేదు. మాట రాని పిల్లను అడిగి, పలకలేదు గనక బాగుందనుకున్నానమ్మా.

బల్ల బయటికి లాగేసరికి బంతి పక్కన పడి ఉంది. కన్నీళ్ళు రెండు వైపులా కారి, చెవుల్లో పెట్టిన స్పాంజి తడిసి ముద్దయింది. ఆ చప్పుడుకు దడిసి ఏడ్చింది, కదలొద్దన్నానని కదలకుండా ఏడ్చింది. మొహం తుడిచి వాళ్ళమ్మకు అప్పగించాను. ఏడ్చిందా అని ఆవిడ అడిగితే, "బంగారుతల్లి, బుద్ధిగా పడుకుంది" అన్నాను. ఫొటోలు అద్దంలా వచ్చాయని పెద్ద డాక్టరు అందరిముందూ మెచ్చుకున్నారు.

చిన్నప్పుడు నువ్వు నా గడ్డం పట్టుకుని వెలుతురువైపు తిప్పి, "మొహం చూపించి చెప్పరా" అనేదానివి. చెవులు వినపడని నువ్వు నా జ్వరాలూ, అబద్ధాలూ అన్నీ పట్టేశావు. చెవులున్న నేను తెర చూస్తూ కూర్చున్నాను.

నిన్న ఆ పిల్ల మళ్ళీ ఫొటోలకు వచ్చింది. మాట ఇంకా రాలేదు. వచ్చినా మునుపటిలా గలగలా రాకపోవచ్చని డాక్టరు చెప్పారట. ముందు వాళ్ళమ్మను కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. "ఇంటికొచ్చాక చెవులు రుద్దుకుంటుంటే దురదేమో అనుకున్నాను" అంది. అంతే.

ఈసారి బంతి ఎడంచేతిలో పెట్టి, నొక్కించి చూశాను. మొదలుపెట్టిన నిమిషానికే గంట మోగింది. ఆపి పరుగెత్తాను. ఏడవడం లేదు, నా మొహంలోకి చూస్తోంది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ మోగింది. ఆరోసారికి గానీ నా బుర్రకెక్కలేదు, పిలిస్తే ఎవరైనా వస్తారో రారో చూసుకుంటోంది. ఏడుసార్లు నొక్కింది, ఏడుసార్లూ వెళ్ళాను. ఫొటో ఒక్కటీ పనికిరాలేదు. పెద్ద డాక్టరు పెట్టిన చీవాట్లు తిన్నాను.

ఇట్లు,
మొహం చూపించి చెప్తున్న
నీ చిన్నోడు