మూడో షెడ్డు ఆడవాళ్ళు

జనవరి 8, గురువారం

వెస్నా మేడమ్ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది. అరవై మూడేళ్ళు ఆమెకు. గల్ఫ్‌లో మేం పనిచేసే మెసైమీర్ నిర్మాణ సైట్‌లో క్వాలిటీ ఇంజినీరు. నేను ఆ ఆఫీసులో డాక్యుమెంట్ క్లర్కుని. ఇవాళ లంచ్‌లో నా టేబుల్ దగ్గరికొచ్చి, మా ఊరి చరిత్ర టైప్ చేసి పెడతావా అని అడిగింది. ఊరు లెస్కోవాత్స్, సెర్బియాలో దక్షిణాన. ఇంగ్లీషులో కావాలట. వియన్నాలో పుట్టిన మనవలకు సెర్బియన్ చదవడం రాదట. అడగడం పూర్తయ్యేసరికి ఆమె చెవులు ఎర్రబడ్డాయి. సాయం అడగాలంటే నాకూ అంతే అవుతుంది. ఒప్పుకున్నాను.

జనవరి 13

రోజూ అరగంట. ఆమె చెబుతుంది, నేను కొడతాను. ఒకప్పుడు అక్కడ సరస్సు ఉండేదట. అది ఎండిపోయి హేజెల్ చెట్లు మొలిచాయని, ఆ చెట్ల పేరే ఊరికి వచ్చిందని కథ. నిజం కాకపోవచ్చు, అయినా రాయి అంది. తర్వాత జనపనార తాళ్ళు. ఏటి నీటితో తిరిగే అల్లిక యంత్రాలు. ఆ పైన మిల్లులు, ఊరిని సెర్బియా మాంచెస్టర్ అనేటన్ని. 1944 సెప్టెంబరులో మిత్రదేశాల బాంబులు. మళ్ళీ కట్టుకున్నారు. తొంభైల నుంచి మిల్లులు మూతపడుతూ వచ్చాయి.

జనాభా కూడా రాయించింది. చుట్టుపక్కల పల్లెలతో కలిపి 1991లో దాదాపు లక్షా అరవై రెండు వేలు. 2022లో లక్షా ఇరవై నాలుగు వేలు.

మిగతావాళ్ళు ఏమయ్యారు అని అడిగాను. కొందరు చనిపోయారు, కొందరు ఇలా అని తన హెల్మెట్ మీద తట్టింది.

జనవరి 14

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలో మేముండే గదిలో నా రూమ్మేట్ శోభ. ఆమెది కోరుట్ల. ఏందే ఫెబీ, పొద్దుందాక గా ఊరి ముచ్చట్నేనా, లగ్గం గిట్ల ఆడనే కుదిరిందా అని ఆటపట్టించింది. నవ్వాను గాని, మా నర్సాపురం గురించి ఇన్ని తారీఖులు నాకు తెలియవు.

జనవరి 20

మేడమ్ ఇవాళ నాలుగు కాగితాలు ఇచ్చింది. నోటుబుక్కులోంచి చింపినవి. వాళ్ళమ్మ ఒక మిల్లులో, మూడో షెడ్డులో నేసేది. నిరుడు ఆస్పత్రి మంచం మీద, తనతో పనిచేసిన నలభై ఒక్కమంది పేర్లు మగ్గం నంబర్లతో సహా చెప్పి రాయించిందట. పేరు పక్కన ఒక్కో ముక్క. ఎడమచేతి వాటం. బాగా పాడేది. అత్త మీద కోపంతో జడ కోసేసుకుంది. ఇవన్నీ రాయించిన వారానికి ఆ తల్లి పోయింది.

ఇవి చివర్లో చేర్చు అంది మేడమ్.

జనవరి 22

అంతా చదివి చూసుకున్నాను. ఒక్క పేర్ల దగ్గరే నడక కుంటుపడుతోంది. నలభై ఒక్క పేర్లు ఏ మనవడు చదువుతాడు? కాన్వెంట్‌లో ప్రెసీ, అంటే కుదించి రాయడం, నేర్పేటప్పుడు సిస్టర్, పేర్లు తీసెయ్, విషయం ఉంచు అనేవారు. ప్రెసీలో ఎప్పుడూ నేనే ఫస్ట్. ఆ నాలుగు కాగితాలనూ ఒక వాక్యం చేశాను: మూడో షెడ్డులో నలభై ఒక్కమంది ఆడవాళ్ళు నేసేవారు. చక్కగా అతికింది.

ఫైనల్ ప్రింట్ తీశాను. డ్రాఫ్టులు, చేతిరాత కాగితాలు, అన్నీ ష్రెడ్డర్‌లో వేసి పీలికలు చేశాను. చేరిన రోజే మా సీనియర్ జడ్సన్ అన్నయ్య చెప్పిన మాట అది. అమ్మాయ్, డ్రాయింగుకు కొత్త రివిజన్ వచ్చాక పాతది కనబడకూడదు, కనబడిందా, మేస్త్రి దాన్నే పట్టుకుని గోడ లేపేస్తాడు, మనం ఇంటికి ఫ్లైటెక్కేస్తాం అని.

టేబుల్ శుభ్రంగా ఉంది.

జనవరి 28, ఉదయం 11

మేడమ్ ఫైనల్ కాపీ తెరిచి చూడలేదు. నువ్వు చేశావుగా అంది. ఆ నాలుగు కాగితాలు కూడా కవర్లో పెట్టు, ఫిబ్రవరి 14 మాకు చనిపోయినవాళ్ళ శనివారం, చర్చిలో ఫాదర్ పేర్లు పైకి చదువుతారు, అమ్మ అందుకే రాయించింది అంది.

సరే మేడమ్ అన్నాను.

3 గంటలు

ష్రెడ్డర్ సంచి ఆదివారమే తీసుకెళ్ళిపోయారు.

కాన్వెంట్‌లో ఏటా నవంబరులో, పోయినవాళ్ళ పేర్లు రాసి కవర్లో పెట్టి ఆల్టర్ మీద ఉంచేవాళ్ళం. తాతయ్య పేరు నేనే రాసేదాన్ని. ఒక పేరు మరిచిపోతే సిస్టర్ కవరు మళ్ళీ తెరిపించేవారు. నాకు తెలియక కాదు.

జనవరి 29

కవరుకు చుట్టూ టేపు వేసి ఇచ్చాను. దారిలో తెరవకండి మేడమ్, నలుగుతాయి అన్నాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో. ఆమె నన్ను దగ్గరికి తీసుకుంది. స్వెటర్‌కు కాల్చిన మిరపకాయల వాసన.

జనవరి 30

మేడమ్ వెళ్ళిపోయింది. నేను చెప్పలేదు.

ఫిబ్రవరి 2

మెసేజ్ వచ్చింది. కవర్లో కాగితాలు లేవు, నీ డ్రాయర్లో చూడు, కంగారు పడకు, 14 దాకా టైముంది అని.

గంటసేపు రాసి తుడిచాను. ఆఖరికి, వాటిని ష్రెడ్ చేశాను, క్షమించండి అని పంపాను. నీలం టిక్కులు పడ్డాయి.

ఫిబ్రవరి 14, శనివారం

సాయంత్రం మేడమ్ రాసింది. పదకొండు పేర్లు తనకే గుర్తొచ్చాయట. అవి చదివించిందట. మిగతా ముప్ఫైమందికి ముప్ఫై కొవ్వొత్తులు. చరిత్ర చదివాను, ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు అని కూడా రాసింది.

తిట్టినా బాగుండేది.

అమ్మకు ఫోన్ చేశాను. నీతో లేసు అల్లినవాళ్ళ పేర్లు చెప్పు అన్నాను. ఇప్పుడెందుకే, ఒంట్లో బాగానే ఉందా అంది. నేను ఊరుకోలేదు. ఆదెమ్మతో మొదలుపెట్టి తొమ్మిది చెప్పింది. ఇంకో ఆవిడ, చెవిటావిడ, గులాబీ పువ్వు ఆవిడ అల్లినట్టు ఎవరూ అల్లేవాళ్ళు కాదు, పేరే నోటికి రావట్లేదు అంది.

అమ్మ మళ్ళీ ఆదెమ్మ దగ్గర్నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను ఫోన్ పెట్టెయ్యలేదు.

ఏప్రిల్ 9, ఉదయం 11.20

స్కానర్ దగ్గర నిలబడి ఉండగా ఒక పేరు గుర్తొచ్చింది.

రూజా. పద్నాలుగో మగ్గం. ఎడమచేతి వాటం.