నీ గదవ కింది వెలుగు

అనసూయా,

నిన్న మన సునీత పెళ్లయింది. ఈ సంతోషం నీతో కాక ఇంకెవరితో చెప్పుకోను!

నువ్వు పోయిన నాటికి దానికి మూడేళ్లు. నీ ముఖం దానికి ఒక్క ఫొటోలోనే తెలుసు. తాండూరు బండల పాలిషింగ్ దగ్గరికి నాకు సద్ది తెచ్చినప్పుడు తీసిన ఫొటో అది. వికారాబాద్‌లో ఫొటో స్టూడియో పెట్టుకున్న బిడ్డ, పెళ్లి ఫొటోలో మా మధ్య నువ్వుండాల్సిందేనని పట్టుబట్టింది.

అందుకని కంప్యూటర్‌లో ఒక మనిషి బొమ్మను నిలబెట్టి, చుట్టూ లైటు తిప్పుతూ, ఆ పాత ఫొటోలో నీ మీద వెలుగు ఎటునుంచి పడిందో వెతికింది. మేమూ అదే వెలుగులో నిలబడితేనే ముగ్గురం ఒక్కచోట ఉన్నట్టు కనబడతామట. అన్నీ కుదిరాయి కానీ నీ గదవ కింద, గడ్డం అడుగున పడ్డ వెలుగు కుదరలేదు.

"కింద లైటెవరు వెట్టిన్రు నాయినా?" అంది.

"లైటు గాదు బిడ్డా, నేను పాలిష్ వట్టిన బండలు. ఎండ వాటి మీద వడి మీ అమ్మ మొఖానికి కొట్టింది."

బొమ్మ కాళ్ల కింద నున్నటి బండ పరిచింది. అచ్చం నీ వెలుగే అనసూయా! పిచ్చోడిలా చప్పట్లు కొట్టాను.

నిన్న వాకిట్లో నాలుగు బండలు పరిచి, మధ్యలో నీకు జాగా వదిలి నిలబడ్డాం. అల్లుడు కెమెరా పట్టుకున్నాడు.

"నాయినా, జర జరుగు. అమ్మ మీద నీ నీడ వడ్తుంది," అంది సునీత.

జరిగాను. ఖాళీ బండ మీద ఎండ నిండుగా పడింది.