గట్టిగా వాయించే చోటు

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఫోన్ చేస్తే మూడో మాటకే మనిద్దరికీ పోట్లాట కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మీ బావ, పిల్లలు కులాసా.

సంగీత కళాశాలలో పాడేవాళ్ళకు తోడుగా పియానో వాయించే ఉద్యోగం పడింది. ముందు రికార్డింగ్ పంపాలి. గడువు రెండు నెలలు. నలభై దాటితే తీసుకోరట, నాకు వచ్చే ఏడాది నలభై. కళ్ళద్దాల కొట్లో చీటీలు రాసే బతుకులోంచి బయటపడాలంటే ఇదే ఆఖరి అవకాశం.

మీ బావ ఎవరినో అడిగి చిన్న చప్పుడు కూడా పట్టేసే రెండు కండెన్సర్ మైకులు, వాటిని కంప్యూటరుకు కలిపే పెట్టె తెచ్చారు. మైకుల్ని పియానో లోపలికి వంచి పెట్టాను. మెల్లగా వాయించినంతసేపూ హాయిగా ఉంది. గట్టిగా వాయించే చోటు రాగానే బరబరమని పగులుతోంది. తర్వాత కంప్యూటర్లో శబ్దం తగ్గించి చూశాను. పగులు కూడా మెల్లగా వినిపిస్తోంది, అంతే! నీ పని ఇదే కదా, దారి చెప్పు. చిన్న మెమరీ కార్డులో ఎక్కించి పంపుతున్నాను.

ఇట్లు,
అక్క

*

అక్కా,

నమస్కారం. విన్నాను. దీన్నే మావాళ్ళు క్లిప్పింగ్ అంటారు. పాలు పొంగి పొయ్యిపాలయ్యాక మంట తగ్గిస్తే ఏం లాభం? తల తెగిన శబ్దం తర్వాత అతుక్కోదు. లోపలికి వచ్చేటప్పుడే తగ్గాలి.

మైకుల్ని తీగల్ని కొట్టే సుత్తుల దగ్గర్నుంచి రెండు మూడడుగులు వెనక్కి జరుపు. మైకు ఒంటిమీద శబ్దం తగ్గించే చిన్న మీట ఉంటే మైనస్ పది వైపు నెట్టు. తర్వాత పెట్టె మీద, లోపలికొచ్చే శబ్దాన్ని పెంచి తగ్గించే గెయిన్ నాబ్ పూర్తిగా తగ్గించి, నువ్వు అన్నిటికన్నా గట్టిగా కొట్టే చోటు వాయిస్తూ, బావ చేత కొద్దికొద్దిగా పెంచించు. శబ్దం కొలిచే మీటరు మైనస్ పన్నెండు దగ్గర ఆపెయ్యండి, సున్నా తాకితే పగులే. అసలు వాయించేటప్పుడు ఎవరైనా ఇంకాస్త గట్టిగానే కొడతారు, ఆ ఖాళీ అందుకే. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగిందంటే పగిలినట్టే, మళ్ళీ మొదలెట్టాల్సిందే. చిన్నగా రికార్డయిందని దిగులు పడకు, తర్వాత పెంచుకోవచ్చు.

ఉంటాను,
నీ తమ్ముడు

*

ఒరేయ్ చిన్నోడా,

దీపం వెలగలేదు! మీ బావైతే ఆ నాబ్ తిప్పడానికి చెమటలు కక్కారు. నువ్వు చెప్పినవన్నీ చేశాం. ఎందుకైనా మంచిదని గట్టిగా వాయించే చోటు కూడా మెల్లగానే కానిచ్చాను. నా చెయ్యి మోటని పన్నెండేళ్ళ క్రితమే తేలిపోయింది కదా. అప్పట్నుంచీ అంతే. సాయంత్రాలు ఇళ్ళకు వెళ్ళి పియానో నేర్పే పిల్లలకు కూడా "మెల్లగా, మెల్లగా" అనే చెప్తాను.

కార్డు పంపుతున్నాను. బాగుందంటే పంపేస్తాను.

ఇట్లు,
అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది. మూడుసార్లు రాసి చింపేశాను.

ఇది పంపకు. పియానో నోట్లో గుడ్డ కుక్కినట్టుంది.

పన్నెండేళ్ళ క్రితం పెద్ద సంగీతబడిలో చేరడానికి నీ వాయింపు రికార్డు చేసింది నేనే. అప్పటికి పని సగమే వచ్చు, గొప్పలు మాత్రం నిండా. మెల్లగా ఉన్న మొదటి నిమిషం విని నాబ్ పెట్టేశాను. గట్టిగా వాయించే చోట ఎర్ర దీపం వెలిగింది. చూశాను. ఆపితే నాకు పని రాదని తెలిసిపోతుందని ఊరుకున్నాను. "ఇదేంట్రా, ఇలా పగిలింది?" అని నువ్వడిగితే, "నీ చెయ్యే మోటక్కా, మైకేం చేస్తుంది?" అన్నాను.

వాళ్ళు కాదన్నారని నువ్వు చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు. అయినా నోరు విప్పలేదు. తప్పు నీ చేతిది కాదు, నా చేతిది. ఎంతైనా తిట్టు, పడతాను. కానీ ఈసారి మెల్లగా వాయించకు.

తల దించుకుని,
నీ తమ్ముడు

*

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాక రెండు వారాలు నీతో మాట్లాడకూడదనుకున్నాను. ఎలాగూ మాట్లాడుకోం కాబట్టి నీకు తెలిసుండదు. "జవాబు రాయవా?" అని మీ బావ అడిగితే "వాడి ముఖానికి ఇంకు దండగ" అన్నాను. పన్నెండేళ్ళురా! కోపం పోయిందని అబద్ధం చెప్పను.

ఆ కోపంతోనే ఆదివారం పొద్దున మీ బావ చేత రికార్డింగ్ పెట్టించి పియానో ముందు కూర్చున్నాను. గట్టిగా వాయించే చోట కిటికీ అద్దాలు గడగడలాడాయి. మీటరు మైనస్ ఎనిమిది దాకా ఎగిరి వెనక్కొచ్చిందట, దీపం మాత్రం వెలగలేదు. పై వాటా ఆవిడ గబగబా దిగొచ్చింది. తిట్టడానికే అనుకున్నాను. గుమ్మంలో నిలబడి, "మీ ఇంట్లో పియానో ఉందా!" అంది. ఏడేళ్ళుగా మా నెత్తిమీదే ఉంటోంది.

ఇప్పుడు నా వంతు. ఆ బడివాళ్ళు నన్ను కాదనలేదురా. ఆ రికార్డింగ్ నేను పంపనేలేదు. ఒక్కసారి విని, ఆ పగులు నాదేననుకుని అటక మీద పడేశాను. నలుగురూ అడుగుతారని "వద్దన్నారు" అని చెప్పాను. నన్ను ఇంతవరకూ కాదన్న మనిషి ఎవరూ లేరు, నేను తప్ప. నువ్వు చేసింది నువ్వు మొయ్యి, ఇది నేను మోస్తాను.

కొత్తది నిన్న పోస్టులో వేసొచ్చాను. ఈసారి కాదనాలంటే వాళ్ళే అనాలి, నేను అనను.

సెలవు పెట్టి రా. ఎదురుగా తిట్టాల్సినవి ఇంకా మిగిలే ఉన్నాయి. మంచి హెడ్‌ఫోన్లు తీసుకురా, మీ బావకి ఇప్పుడు ఈ పిచ్చి పట్టుకుంది.

ఇట్లు,
అక్క