వియ్యంకుడి రక్తం అక్కర పడలేదు

పొద్దుటూరు

చెల్లెలు ఓబులమ్మకు నీ అన్న గంగన్న దీవెనలు.

ముందు నా బాధ ఒకటి చెప్పుకోనీ. నా వాకర్ కాళ్లలో ఒకదాని రబ్బరు బుడిపె ఊడిపోయింది. అడుగేస్తే చాలు, టక్కుమంటుంది. నా కూతురు సుజాత వంటింట్లో దాచిన శనక్కాయల ఉండ ఒకటి తీసుకుందామని నిదానంగా పోతే, గడప దాటకముందే "నాయనా, డబ్బా మీద చెయ్యి పడిందంటే చూడు" అని కేక. కన్నకూతురే పోలీసయితే తండ్రి ఎట్లా బతకాలి?

మీరంతా కులాసానా? మీ ఆయన దగ్గు తగ్గిందా, నువ్వు మాట్లాడకుండా ఉండాలని ఇంకా దగ్గుతూనే ఉన్నాడా? మన చీనీ తోట గుత్తకు తీసుకున్నవాడు నీళ్లు సరిగ్గా పెడుతున్నాడో లేదో ఒకసారి పోయి చూసి రా.

నేను బాగున్నాను. మళ్లీ చెబుతున్నాను, బాగున్నాను. మోకాలి ఆపరేషన్ అయిపోయింది. ఫోన్‌లో చెబితే నువ్వు "అన్నా" అని మొదలుపెట్టి ఏడుస్తావు, నన్ను చెప్పనియ్యవు. కాబట్టి ఈ ఉత్తరం. మూడో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకో.

వేములలో బస్సెక్కేటప్పుడు నువ్వన్న మాట నాకు గుర్తుంది. "కాలు కోస్తే రక్తం పోదా అన్నా? అమ్మ ఎట్ల పోయిందో మర్సిపోయినావా?" అన్నావు. అప్పుడు నవ్వేశాను. కానీ బస్సు పులివెందుల దాటేదాకా, తమ్ముడి కాన్పులో అమ్మ పడుకున్న ఆ తడి చాపే కళ్ల ముందుంది. ఇక్కడికొచ్చి కూతురింట్లో చేరాక కూడా నెలల తరబడి "ఇంకొన్నాళ్లు చూద్దాం" అంటూ తప్పించుకున్నాను. నొప్పికి భయపడి కాదు. రక్తానికి.

ఈ ఊరు నాకింకా అలవాటు కాలేదు. ఎండ మనకున్నట్టే ఉంది, నీడే లేదు. పొద్దున్నే బంగారు అంగళ్ల వీధికి పోయే బండ్ల మోత. చేతికి పని లేదు, ఏడిపించడానికి నువ్వు లేవు. ఉన్నదల్లా నా వియ్యంకుడు వెంకటసుబ్బయ్య. సుజాత మామ. నాకన్నా పదేండ్లు చిన్న, ముఖం చూస్తే నాకు తాత. నవ్వితే పన్ను కట్టాలేమో అన్నట్టుంటాడు. బావా అని పిలిస్తే పంచాంగం తీసేదాకా పలకడు.

చివరికి సుజాత నన్ను డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆయన జమ్మలమడుగు పిల్లోడే. నా రక్తం పరీక్ష చూసి, "తాతా, నీ ఒంట్లో రక్తమే తక్కువుంది. ఇప్పుడే కొయ్యను, ముందు పెంచుకుందాం" అన్నాడు. ఇనుము మందు సెలైన్లో ఎక్కించారు, మాత్రలిచ్చారు. గుండెకు వేసుకునే మాత్ర రక్తాన్ని పలచన చేస్తుందట. గుండె డాక్టరునడిగి, దాన్ని కొన్నాళ్లు ఆపించాడు. "నీ అంతట నువ్వు ఆపొద్దు, నీ అంతట నువ్వు మింగొద్దు" అని గట్టిగా చెప్పాడు.

"కోసేటప్పుడు రక్తం కారదా నాయనా?" అని అడిగాను.

"నువ్వు చీనీ తోటోడివి గదా. డ్రిప్పు పైపు కొయ్యాలంటే ఏం జేస్తావు?"

"గేటువాల్వు తిప్పుతా."

"నేనూ అంతే. తొడకు పట్టీ బిగిస్తా. పట్టీ ఇప్పినాక కూడా కారకుండా మందుంది. గాయంకాడ రక్తం గడ్డకట్టి గట్టు పడ్తాది. ఆ గట్టు బిరీన కరిగిపోకుండా ఆ మందు కాపాడ్తాది. అయినా ఎందుకైనా మంచిది, ఒక బాటిల్ రక్తం సిద్ధంగా పెట్టుకోండి."

ఇంట్లో నా గ్రూపు ఎవరిదని చూస్తే, వెంకటసుబ్బయ్యదట! మనిషి నేరుగా ఆసుపత్రికి పోయాడు. చొక్కా చేయి మడిచి ఇచ్చేసి వచ్చాడు. "ఏం బావా, నొప్పి పుట్టిందా?" అంటే, "ఇచ్చేది ఇచ్చినాక నొప్పేంది?" అన్నాడు. ఆ పూట ఆయన్ను ఏడిపించలేదు నేను. నమ్ము.

ఆపరేషన్ రోజు నడుముకు సూది వేశారు. నడుము కింది సగం నాది కాకుండా పోయింది. మెలకువగానే ఉన్నాను. తెర అవతల సుత్తి దెబ్బలు. "ఏం మేస్త్రీ, దర్వాజా సరిపోయిందా?" అన్నాను. "తాతా, నవ్వితే నా చెయ్యి కదుల్తాది. గమ్మునుండు" అన్నాడు డాక్టరు. పైకి అట్లా మాట్లాడుతున్నానే గానీ, చెవులు మాత్రం "బాటిల్ తెండి" అనే కేక కోసమే కాచుకుని ఉన్నాయమ్మా.

ఆ కేక రాలేదు. మర్నాడు మళ్లీ రక్తం పరీక్ష చేశారు. డాక్టరు కాగితం చూసి, "కొంచెం తగ్గింది, అంతే. ఎక్కించే పన్లేదు. లేసి నిలబడు" అన్నాడు. సుజాత నవ్వుతోంది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. కంట్లో నలుసు పడిందని చెప్పాలె, ఇంకేం చెప్పేది?

వియ్యంకుడు ఇచ్చిన రక్తం ఏమైందని అల్లుడు పోయి అడిగి వచ్చాడు. అది ఒక కాన్పు కేసుకు వాడారట. తల్లీ బిడ్డా క్షేమమట. అది విన్నప్పటి నుంచి నువ్వే గుర్తొస్తున్నావు. ఇంక ఆ చాప మాట అనుకోవద్దు చెల్లెలా, నేనూ అనుకోను.

నొప్పి ఉంది, మోకాలు వంచమని ఏడిపించే పిల్ల ఒకతి రోజూ వస్తుంది. అయినా నడుస్తున్నాను. ఎవరైనా వచ్చేట్టుంటే మన చెట్ల చీనీకాయలు నాలుగు పంపు. ఇక్కడ బత్తాయిలని అమ్మేవి చప్పగా ఉన్నాయి. కాలు కుదిరాక నేనే వచ్చి తోటంతా తిరుగుతాను. మన ముసలి పెద్దమ్మ కాళ్లకు నా బదులు మొక్కి, నా కాలికి ఆమె దీవెన అడుగు. పిల్లలకు ముద్దులు, మీ ఆయనకు దగ్గు మందు.

ఒక్క సంగతి మిగిలింది. ఎవరికీ చెప్పొద్దు.

రక్తం వాడలేదని వెంకటసుబ్బయ్యకు ఇంకా చెప్పలేదు. నేనే చెబుతానని సుజాతనూ అల్లుణ్ణీ ఆపి, ఆయన నా మంచం పక్కన కూర్చోగానే నీరసంగా మొదలుపెట్టాను. "బావా, నీ రక్తం నాలో పార్తాండాది. ఇంగ మనం వియ్యంకులం కాదు, అన్నదమ్ములం."

"మంచిదే గదా" అన్నాడు.

"ఏం మంచిది? నా కూతురు నీకూ కూతురే అయిపాయె. నీ కొడుక్కి చెల్లెలాయె. వరస యాడికి పోయింది సూడు!"

మనిషి తెల్లబోయాడు. పంచాంగం తెచ్చి తిప్పాడు, దొరకలేదు. చివరికి నన్నే అడిగాడు, "దీనికి పరిహారమేమన్నా ఉందా... అన్నా?"

"ఉంది. కుట్లు ఇప్పేదాక అన్న మాట తమ్ముడు ఇనాల."

ఇప్పుడు రబ్బరు బుడిపె కోసం బజారుకు పోయాడు. వచ్చేటప్పుడు శనక్కాయల ఉండలు పొట్లం కట్టించుకుని, సుజాతకు తెలియకుండా తెస్తాడు. కుట్లు విప్పిన రోజు, నీ రక్తం నాలో లేదు, ఒక తల్లిని నిలబెట్టింది అని చెబుతాను. తిడితే పడతాను. అంతదాకా నువ్వు ఫోన్ చేస్తే ఆయన్ను బావా అనొద్దు, అన్నా అను. నవ్వావంటే నా మీద ఒట్టు.

అదిగో, గేటు చప్పుడైంది.

నీ అన్న,
గంగన్న