చాయ్ తాగినంత సేపు

మట్టెవాడ,
జూన్ 4

ప్రియమైన గుల్నాజ్ మేడమ్‌కు,

మీ నాయినను కన్నోడు, నీ దాదా నయీముద్దీన్ సలాం చెప్పి రాస్తాండు. ఫోన్ల ఎందుకు చెప్తలేనంటే, ఫోన్ల నువ్వు నడుమ నడుమ అడ్డమస్తవ్. కాయితం మీదైతె నేను తిట్టేది మొత్తం తిట్టినంకనే నీ వంతు.

నేను ఫెయిలైన.

దేంట్ల? నా పాఠంల నేనే! మొన్న చలికాలం మీ హైదరాబాద్ ఆఫీసోళ్లు నా వైండింగ్ దుకాణానికి కెమెరాలు ఏస్కొని అచ్చి, పొలం మోటరు రిపేరు నాతోని చెప్పించుకొని పోయిన్రు గదా. ఆన్‌లైన్ల ఫ్రీ కోర్సు పెట్టినమన్నవ్, ఎనిమిది వేల మంది చేరిన్రన్నవ్. నా మొఖం నేను చూసుకుందామని నేను సుత చేరిన. మొఖం మంచిగనే పడ్డది. మీ దాదీయే ఒప్పుకున్నది, ఇగ చూస్కో.

తర్వాత పరీక్ష అచ్చింది. "ఫ్యూజు పీకినంక ముందుగాల ఏం చెయ్యాలె?" కింద నాలుగు జవాబులు. మోటరు మూత ఇప్పాలె అని ఉంది, వైర్లు చూడాలె అని ఉంది, ఇంకేందో రెండున్నయ్. చాయ్ తాగాలె అని ఏడ లేదు! యాభై ఏండ్ల సంది ఫ్యూజు పీకి చాయ్ తాగకుంట నేను ఒక్క మోటరు మీద చెయ్యి పెట్టలే. మా ఉస్తాద్ నేర్పిందే అది. కెమెరా ముందట సుత తాగిన. మీ వీడియోల చూస్తే ఫ్యూజు పీకుడు, టక్కున మోటరు మూత తీసుడు! నేను తాగిన చాయ్‌ని కోసిన మొగోడెవడు?

వంద మంది చేరితె ఆఖరి దాక ఐదుగురే ఉంటరని నువ్వే ఏడ్చినవ్. నా పెండ్లికి అచ్చినోళ్లు ఒక్కడు మిగలకుంట బిర్యానీ దాక ఉన్నరు బిడ్డా. మీ దావత్‌ల ఏం తక్కువైందో జర చూస్కోండ్రి.

ఇంకో తమాషా. ఆఖరి అసైన్‌మెంటట. నాలుగు నిమిషాలల్ల మోటరు ఇప్పి చూపించి వీడియో పంపాలెనట. దానికి తోటి స్టూడెంట్లు ముగ్గురు మార్కులేస్తరట. నాకు! నాలుగు నిమిషాలల్ల నా చాయ్ సల్లారదు. అయినా చేసి చూపిస్త. మీ సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టిచ్చి దుకాణంల ఏలాడేస్త.

ఇట్లు,
సొంత పాఠంల తప్పిన స్టూడెంటు,
నయీముద్దీన్ దాదా


హైదరాబాద్,
జూన్ 9

ప్రియమైన దాదాకు,

సలాం. నీ ఉత్తరం ఆఫీసులోనే చదివి పకపకా నవ్విన. చాయ్‌ని కోసిన మొగోడు ఎవడూ లేడు. కోసింది నేనే.

కోపం చేసుకోకు. నువ్వు పదకొండు నిమిషాలు చేసినవ్. మా దగ్గర ఒక్క వీడియో ఆరు నిమిషాలు దాటొద్దు. ఎవరు ఏ నిమిషంలో చూడడం ఆపి పోయిన్రో మాకు కంప్యూటర్‌లో కనపడుతది. మాట ఆగిన చోట జనం పోతరు. అందుకే మాట లేని ముక్కలన్నీ తీసేయాలన్నది మా రూలు. నువ్వు రెండు నిమిషాలు సాసర్ పట్టుకొని జుర్రుతుంటే ఎవరు కూర్చుంటరు చెప్పు? పరీక్ష ప్రశ్నలు కూడా మిగిలిన ఆ ఆరు నిమిషాలు చూసే రాసిన.

ఒక మంచి మాట విను. ఏటూరునాగారం దిక్కు సమ్మమ్మ అని ఒకామె కోర్సులో చేరింది. మెకానిక్‌కు కబురు పెడితే వచ్చేసరికి మూడు రోజులు, అంతలో నారుమడి ఎండిపోతదట. "ఆ దాదా చేతులు చూస్తాంటె నాకు ధైర్యం అస్తాంది. ఈపారి మోటరు ఆగితె నేనే ఇప్పుత" అని చర్చల పేజీలో రాసింది. చదివి నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినయ్.

మా మల్లికార్జున్ సారు కూడా ఖుష్. వచ్చే ఒకటో తారీఖు నుంచి ఐటీఐ పిల్లలు ఆరు వేల మంది ఇదే కోర్సు చూస్తరు. నీ అసైన్‌మెంట్ కోసం ఎదురుచూస్తున్న.

ప్రేమతో,
నీ చాయ్ దొంగ,
గుల్నాజ్


మట్టెవాడ,
జూన్ 17

ప్రియమైన అని రాయబుద్ధైతలేదు. అయినా రాస్తాన. ప్రియమైన గుల్నాజ్‌కు,

కేసముద్రంల ఒక మెకానిక్‌కు కరెంటు కొట్టింది. నీ కోర్సు ఎట్ల చెప్పిందో అట్లనే చేసిండు. ఫ్యూజు పీకిండు, మూత ఇప్పిండు, వైరు పట్టిండు. స్టూలు మీదికెళ్లి ఎల్లెలుకల పడ్డడు. బతికిండు. అది మీ కోర్సు గొప్పతనం కాదు.

ఫ్యూజు పీకినంక కరెంటు ఏడిదంటవా? ఫ్యూజు పీకనీకి తెరిచిన స్టార్టర్ డబ్బాలనే కండెన్సర్ ఉంటది. లైను పోయినా అది తన కడుపుల కొంత దాసుకుంటది. ఎవడు ముడుతడా అని చూస్తది.

నేను చాయ్ తాగుతాంటె నువ్వు నా మూతినే చూసినవ్. నా కుడిచెయ్యిని చూసినవా? బల్బుకున్న రెండు వైర్లు పటుకారు లెక్క పట్టుకొని కండెన్సర్ కాళ్లకు తాకిస్తాంది. దాన్ల దాగిన కరెంటు బల్బుల కాలిపోవాలె. ఎడమచేతిల సాసర్ ఎందుకంటె, ఆ చెయ్యి ఇంకేడ పెట్టకుంట ఉండటానికి. మా ఉస్తాద్ చాయ్ తాగుమన్నది దూప తీరనీకి కాదు.

నోటితోని చెప్పలేదు, నిజమే. నోట్ల చాయ్ ఉండె. మాట లేని కాడ పని లేదనుకుంటె, నీకు ఆ ఉద్యోగం ఇచ్చినోడు ఎసువంటోడు?

కోర్సు ఆపు. అక్షరాలు వంకర పోయినయ్ అనకు, పెన్ను మంచిగ లేదు.

ఇట్లు,
దాదా


హైదరాబాద్,
జూన్ 22

ప్రియమైన దాదాకు,

మొత్తం పదకొండు నిమిషాలు మళ్లీ తీసి చూసిన. ఐదో నిమిషంలో, నువ్వు సాసర్ నోటికి ఎత్తినప్పుడు, కింద మూలకు బల్బు తళుక్కుమని ఆరిపోయింది. రెప్ప కొట్టినంత సేపే. ఆ ముక్కను నా చేత్తో నేనే కోసిన. ఇప్పటిదాక పదిసార్లు చూసిన.

సమ్మమ్మకు ఫోన్ చేసి, బల్బు తాకించకుండ ముట్టొద్దని చెప్పిన. "అట్లనా బిడ్డా? మరి వీడియోల దాదా ముట్టిండు గదా!" అన్నది. ఆమె ఒక్కతి ఆగింది. మిగతా ఎనిమిది వేల మందికి ఎట్ల చెప్పాలె? ఒకటో తారీఖు తర్వాత ఇంకో ఆరు వేలు.

మల్లికార్జున్ సారుతో కొట్లాడిన. "ఒక్క ఫిర్యాదు రాలేదు. ఎవరికో కొట్టిందట అంటే కోర్సు ఆపలేను. ఎవరికి? పేరు చెప్పు, రుజువు చూపించు" అంటున్నడు. లిస్టంతా వెతికిన. కేసముద్రం నుంచి చేరినోళ్లు ఒక్కరు కూడా లేరు. ఆయన పేరేంది దాదా? నేను పోయి కాళ్లు పట్టుకొని అయినా అడుగుత.

నీకు మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ దాదీయే ఎత్తి, నమాజుకు పోయిండన్నది. ఒకసారి పొద్దున పదింటికి చేసిన. ఆ టైముకు ఏం నమాజు? అక్షరాలేమో కోడి కెలికినట్టున్నయ్. నాకు భయమైతుంది.

నీ
గుల్నాజ్


మట్టెవాడ,
జూన్ 26

ప్రియమైన నా బిడ్డ గుల్నాజ్‌కు,

రాస్కో. పేరు నయీముద్దీన్. వయసు డెబ్బై రెండు. ఊరు కేసముద్రం కాదు, మట్టెవాడ. ఆ ఊరోళ్లు నన్ను మాఫ్ చెయ్యాలె.

ఏడ్వకు. ముంజేతి బొక్క జర పలిగింది, దవాఖానల కట్టు కట్టిన్రు. నెల రోజులకు ఇప్పుతరట. రొట్టె ముక్క మీ దాదీ నోట్ల పెడుతాంది. పెండ్లైన కొత్తల సుత పెట్టలే, ఇప్పుడు పెడుతాంది. అదొక్కటే లాభం.

అసైన్‌మెంటు చేసిన బిడ్డా. నాలుగు నిమిషాలన్నరు గదా, చాయ్ వద్దన్న. మీ దాదీ తెచ్చి ఇస్తాంటె, "లోపటికి తీస్కపో, టైమ్ లేదు" అని కసురుకున్న. చాయ్ లేదు, బల్బు యాదికే రాలే. నా ఎడమచేతికి సాసర్ తాకితెనే కుడిచెయ్యి బల్బు కోసం ఎతుకుతది. యాభై ఏండ్ల అలవాటు. అది నాకు సుత గప్పుడే తెలిసింది, కింద పడ్డంక. తెల్సినోణ్ని నేనే పడ్డ. తెల్వని సమ్మమ్మ సంగతి ఏంది?

ఎందుకు దాసినవంటవా? సిగ్గు. ఎదురు దుకాణం మల్లేశానికి తెలిస్తె రోజు "దాదా, చాయ్ తాగినవా?" అని అడుగుతడు. వరంగల్ మొత్తం నవ్వినా ఏం కాదు గని, ఆ మొఖం నవ్వితె నేను తట్టుకోను.

రుజువు అడిగిండా మీ సారు? ఫోన్ కెమెరా నడుస్తనే ఉండె. వీడియో మొత్తం ఉన్నది. ఇయ్యాల పొద్దున ఎడమచేత్తోని బటన్ నొక్కి అసైన్‌మెంటు పంపిన. ఈ ఉత్తరం కంటె ముందే నీకు చేరుతది. సారుకు చూపియ్యి. కోర్సు ఆపినంక, కొత్తగ పెట్టేటప్పుడు మొదటి పాఠంగ దీన్నే పెట్టు. మల్లేశం చూస్తె చూడనీ. మార్కులు సమ్మమ్మతోని ఏపియ్యి, ఆమె ఎన్నేస్తె అన్ని.

ఒక్కటే మాట. పడ్డంక నిమిషం సేపు నేను లేస్తలేను, మాట్లాడతలేను. ఫ్యాను సప్పుడు, మీ దాదీ ఉరికచ్చే సప్పుడు, అంతే. మీ రూలు ప్రకారం అది పనికిరాని ముక్క.

ఆడ కొయ్యకు.

ఇట్లు,
ఎడమచేత్తోని రాసిన
నీ దాదా